ఎలుకల వృషణాల్లో ప్రొటీన్లు మారాయట, మరి నా సంగతేమిటి?

ప్రశ్న: మేడం గారూ, నమస్తే. నా వయసు 33. మాది నిజామాబాద్ దగ్గర ఊరు. టౌన్‌లో బేకరీలో ఓవెన్ దగ్గర పని చేస్తాను. పెళ్లయి నాలుగేళ్లయింది, పిల్లలు లేరు. మూడేళ్లుగా మా ఆవిడకే పరీక్షలు, స్కానింగులు, మందులు. ఆమెకు అన్నీ నార్మల్ అన్నారు. పోయిన నెల మొదటిసారి నాకు వీర్య పరీక్ష చేశారు. కౌంట్ 11 మిలియన్లు, కదలిక 28 శాతం, సరైన ఆకారం ఉన్నవి 3 శాతం అని వచ్చింది. దానికి ఆరు వారాల ముందు నాకు డెంగీ వచ్చి తగ్గింది. రిపోర్ట్ చూసినప్పటి నుంచి నిద్ర లేదు. ఫోన్‌లో వెతుకుతుంటే, సంతానం కలగని మగ ఎలుకల వృషణాల్లో ప్రొటీన్లు మారిపోయినట్టు శాస్త్రవేత్తలు కనిపెట్టారన్న వార్త కనిపించింది. అంటే నాకు ప్రొటీన్ తక్కువైందా? రోజుకు రెండుసార్లు ప్రొటీన్ పౌడర్ తాగుతున్నాను. టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు తీసుకుంటే కౌంట్ పెరుగుతుందని జిమ్ ట్రైనర్ అంటున్నాడు. ఎలుకలకు చేసిన ఆ పరీక్ష మనుషులకు ఎక్కడైనా చేస్తారా? ఇంట్లో మా అమ్మ ఇప్పటికీ కోడలినే అంటోంది. ఏం చెప్పాలో తెలియట్లేదు. పేరు వేయకండి.

సమాధానం: తమ్ముడూ, మీరు అడిగినవాటిలో ఒకదానికి మాత్రం ఈ రోజే జవాబు అందాలి. ఆ ఇంజెక్షన్ తీసుకోకండి. ఇప్పటికే ఒకటో రెండో తీసుకుని ఉంటే ఆపేసి, ఆ సంగతి దాచకుండా డాక్టర్‌కు చెప్పండి.

టెస్టోస్టిరాన్ మగవాళ్ల హార్మోన్ కాబట్టి బయటినుంచి ఇస్తే వీర్యకణాలు పెరుగుతాయని మీ ట్రైనర్ అనుకుంటున్నాడు. జరిగేది దానికి పూర్తిగా విరుద్ధం. వీర్యకణాలు తయారు కావడానికి ఈ హార్మోన్ రక్తంలో ఉంటే సరిపోదు. వృషణాల లోపల, రక్తంలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉండాలి. అక్కడ దాన్ని తయారు చేయించేది మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి. అది ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే రెండు హార్మోన్లను పంపిస్తుంటేనే వృషణాల్లో పని నడుస్తుంది. ఇంజెక్షన్‌తో రక్తంలో టెస్టోస్టిరాన్ పెరగగానే పిట్యూటరీ ఆ రెండింటినీ తగ్గించేస్తుంది. కండలు పెరుగుతాయి, వృషణాలు చిన్నవవుతాయి, కౌంట్ పడిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ మందును మగవాళ్లకు గర్భనిరోధకంగా వాడొచ్చేమోనని పరీక్షించింది కూడా. 1990లో వచ్చిన ఫలితాల్లో, వారానికి 200 మిల్లీగ్రాముల ఇంజెక్షన్ తీసుకున్న ఆరోగ్యవంతుల్లో దాదాపు మూడింట రెండు వంతుల మందికి ఆరు నెలల్లో వీర్యంలో ఒక్క కణం కూడా కనిపించలేదు. ఆపేస్తే చాలామందికి కొన్ని నెలల్లో మళ్లీ వస్తాయి, కొందరికి ఏడాది దాటుతుంది. పిల్లల కోసం ఎదురుచూస్తున్న మీకు ఆ ఏడాది చాలా విలువైనది.

ఇప్పుడు మీ రిపోర్ట్ చూద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన లెక్క ప్రకారం కనీస హద్దులు ఇలా ఉన్నాయి: మిల్లీలీటరుకు 16 మిలియన్ల కౌంట్, 42 శాతం కదలిక, 4 శాతం సరైన ఆకారం. మీవి మూడూ వీటికంటే కింద ఉన్నాయి, నిజమే. అయితే ఈ హద్దులు ఎలా గీశారో తెలిస్తే మీకు కొంచెం ఊపిరి ఆడుతుంది. భార్య ఏడాదిలోపు గర్భం దాల్చిన మగవాళ్ల వీర్యాన్ని పరీక్షించి, వాళ్లలో అట్టడుగున ఉన్న 5 శాతాన్ని వేరు చేసే గీత అది. గీతకు కింద ఉన్న ఆ 5 శాతం మందీ తండ్రులైనవాళ్లే. మీ అంకెలు తండ్రి కాలేరని చెప్పడం లేదు, అవకాశం తగ్గిందని చెబుతున్నాయి.

దీనికంటే ముఖ్యమైన విషయం మీ ఉత్తరంలోనే ఉంది. మీకు డెంగీ వచ్చింది. మనిషిలో ఒక వీర్యకణం మొదటి దశ నుంచి పూర్తి ఆకారం వచ్చేదాకా తయారవడానికి సుమారు 74 రోజులు పడుతుంది. తర్వాత వృషణం వెనక చుట్టలుగా ఉండే ఎపిడిడిమిస్ అనే సన్నని గొట్టంలో మరి కొన్ని రోజుల నుంచి రెండు వారాల వరకు ప్రయాణించి, అక్కడ ఈదడం నేర్చుకుంటుంది. మీరు నమూనా ఇచ్చిన రోజు బయటికి వచ్చిన కణాలు, మీకు డెంగీ జ్వరం కాస్తున్నప్పుడు సగం తయారీలో ఉన్నాయి. తీవ్రమైన జ్వరం తర్వాత రెండు మూడు నెలల వరకు కౌంట్, కదలిక రెండూ పడిపోవడం మాకు బాగా తెలిసిన విషయం. ఆ సమయంలో చేసిన ఒకే ఒక్క పరీక్షను పట్టుకుని మీకు ఏ పేరూ పెట్టకూడదు. జ్వరం పూర్తిగా తగ్గిన రోజు నుంచి మూడు నెలలు గడిచాక మళ్లీ చేయించండి. వీలైతే అదే ల్యాబ్‌లో చేయించండి. నమూనాకు ముందు కనీసం రెండు రోజులు, ఎక్కువలో ఎక్కువ ఏడు రోజులు కలయిక లేకుండా ఉండాలి. ఇంటి నుంచి తీసుకెళ్తే గంటలోపు, చల్లబడనీయకుండా ల్యాబ్‌కు చేర్చాలి. మామూలు కండోమ్‌లో పట్టకూడదు. మొదట వచ్చే భాగం కింద పడిపోతే ఆ మాట ల్యాబ్‌లో చెప్పండి, ఎందుకంటే కణాల్లో ఎక్కువ భాగం అందులోనే ఉంటాయి.

ఎలుకల సంగతికి వస్తాను. మీరు చూసిన వార్త భయపెట్టినా, ఆ పరిశోధనలు చాలా విలువైనవి. వాటిని సరిగ్గా అర్థం చేసుకుంటే మీ భయం సగం తగ్గుతుంది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

అలాంటి పరిశోధనల్లో సంతానం కలిగే ఎలుకల వృషణాలను, కలగని ఎలుకల వృషణాలను తీసుకుని, వాటిలోని ప్రొటీన్లను వేరు చేసి, మాస్ స్పెక్ట్రోమీటర్ అనే యంత్రంతో ఏది ఎంత ఉందో కొలుస్తారు. ఒక్కసారికి వేల ప్రొటీన్ల లెక్క వస్తుంది. రెండు గుంపులనూ పోల్చి, ఇవి పెరిగాయి, అవి తగ్గాయి అని పట్టిక వేస్తారు. దీనికి వృషణాన్నే ఎంచుకోవడానికి కారణముంది. మన శరీరంలో ఆ ఒక్క అవయవంలోనే పనిచేసే జన్యువులు అన్నిటికంటే ఎక్కువగా ఉన్నది వృషణంలోనే. ఎందుకంటే అక్కడ తయారయ్యే కణం శరీరంలోని మరే కణంలాగా ఉండదు. తన క్రోమోజోములను సగానికి తగ్గించుకోవాలి, తోక మొలిపించుకోవాలి, అండం పొరను దాటేందుకు తల మీద ఎంజైముల తొడుగు వేసుకోవాలి, తనలోని సైటోప్లాజం అనే చిక్కటి ద్రవాన్ని దాదాపు అంతా వదిలేసి చిక్కిపోవాలి. ప్రతి పనికీ వేరే ప్రొటీన్లు కావాలి.

ఒక ఉదాహరణ చెబుతాను. మామూలు కణాల్లో డీఎన్‌ఏ హిస్టోన్లు అనే ప్రొటీన్ల చుట్టూ చుట్టుకుని ఉంటుంది. వీర్యకణం తలలో అంత చోటు లేదు. అందుకని తయారీ చివరి దశలో హిస్టోన్లలో చాలా భాగాన్ని తీసేసి, ప్రొటమిన్లు అనే చిన్న ప్రొటీన్లతో డీఎన్‌ఏను గట్టిగా బిగిస్తుంది. పెళ్లికి ఊరెళ్లేటప్పుడు బీరువాలోని బట్టలన్నీ ఒక్క సూట్‌కేసులో కుదించి సర్దినట్టు. ఎలుకల్లోనూ మనుషుల్లోనూ ప్రొటమిన్లు రెండు రకాలు. మనుషుల్లో ఆ రెండూ దాదాపు సమానంగా ఉండాలి. ఆ నిష్పత్తి తప్పినవాళ్లలో డీఎన్‌ఏ తెగిపోవడం, సంతానలేమి ఎక్కువగా కనిపించాయి. ఎలుకల్లో దీన్ని ఇంకా లోతుగా చూశారు. 2001లో వచ్చిన పరిశోధన, ఈ ప్రొటమిన్లను తయారు చేయించే జన్యువులకు ఉండే రెండు ప్రతుల్లో ఒక్కటి పోయినా ఎలుక తండ్రి కాలేదని చెప్పింది. చాలాకాలం అందరూ దాన్నే నమ్మారు. 2016లో మరో బృందం కొత్త పద్ధతిలో మళ్లీ చేసి చూస్తే, రెండో రకం ప్రొటమిన్‌కు ఒక ప్రతి పోయిన ఎలుకలు పిల్లల్ని కన్నాయి. రెండు ప్రతులూ పోయినవి మాత్రమే కనలేకపోయాయి. అందుకే ఒక వార్త చూసి ఎవరూ తమ జీవితం గురించి తేల్చేసుకోకూడదని పదే పదే చెబుతుంటాను.

ఇప్పుడు అసలు మెలిక. సంతానం కలగని ఎలుక వృషణంలో ఫలానా ప్రొటీన్ తగ్గిందని పట్టికలో ఉందనుకోండి. ఆ ప్రొటీన్ తగ్గడం వల్లే ఎలుకకు ఆ స్థితి వచ్చిందా? వృషణంలో రకరకాల కణాలుంటాయి. ఏదో కారణంతో, ఉదాహరణకు వేడి తగిలో మందు పడకో, సగం ఎదిగిన వీర్యకణాలు చచ్చిపోయాయనుకుందాం. ఆ కణాల్లో మాత్రమే ఉండే వందలాది ప్రొటీన్లు అన్నీ ఒకేసారి తగ్గినట్టు యంత్రం చూపిస్తుంది. వాటిలో ఒక్కటి కూడా కారణం కాకపోవచ్చు. కణాలు పోయాయి కాబట్టి వాటి ప్రొటీన్లూ పోయాయి, అంతే. పట్టిక ఒక్కటే చూసి ఏది కారణమో ఏది ఫలితమో ఎవరూ చెప్పలేరు. ఈ రంగంలో పనిచేసేవాళ్లకు ఇది తెలుసు కాబట్టే తర్వాతి అడుగు వేస్తారు. అనుమానం ఉన్న జన్యువును తీసేసిన ఎలుకను పుట్టించి, అది తండ్రి అవుతుందో లేదో చూస్తారు.

అలా చూసినప్పుడు బయటపడిన విషయాలు ఆశ్చర్యంగా ఉంటాయి. జపాన్‌లోని ఒసాకా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు, ఎలుకలోనూ మనిషిలోనూ ఉండి వృషణాల్లోనే ఎక్కువగా పనిచేసే జన్యువులను ఒక్కొక్కటిగా తీసేస్తూ పోయారు. 2016లో వాళ్లు ప్రచురించిన వ్యాసంలో అలాంటి 54 జన్యువుల పేర్లున్నాయి. వాటిలో దేన్ని తీసేసినా మగ ఎలుకలు మామూలుగానే పిల్లల్ని కన్నాయి. వృషణంలో ఉన్న ప్రతి ప్రొటీనూ ఒంటరిగా అత్యవసరం కాదన్నమాట. ఒకటి లేకపోతే దాని పని మరొకటి చేస్తుంది.

మరోవైపు, ఒక్కటి లేకపోతే అంతా ఆగిపోయే ప్రొటీన్లూ ఉన్నాయి. అదే ఒసాకాలో 2005లో ఇజుమో1 అనే ప్రొటీన్‌ను కనిపెట్టారు. జపాన్‌లో వివాహ బంధాల దైవం కొలువున్న ఇజుమో ఆలయం పేరు దానికి పెట్టారు. ఆ ప్రొటీన్ లేని ఎలుకల వీర్యకణాలు మైక్రోస్కోప్ కింద చక్కగా కనిపిస్తాయి, ఈదుతాయి, అండం చుట్టూ ఉన్న పొరను కూడా దాటుతాయి. అండంతో కలిసిపోవడం మాత్రం వాటి వల్ల కాదు. ఇక్కడ మీకు పనికొచ్చే మాట ఒకటుంది: అవే వీర్యకణాలను సూదితో నేరుగా అండంలోకి పంపితే పిల్లలు పుట్టాయి. ఒక ప్రొటీన్ లేకపోవడం సంతానం కలగకపోవడానికి కారణమైనా, దాన్ని దాటే దారి ఉండొచ్చు. మనుషుల్లో ఆ దారి పేరు ఇక్సీ. బ్రసెల్స్‌లోని బృందం ఆ పద్ధతిలో గర్భాలు నిలిచినట్టు 1992లో ప్రకటించింది. ఇప్పుడు మన జిల్లా కేంద్రాల్లో కూడా చేస్తున్నారు.

ఎలుక, మనిషి ఒకటి కాదన్నదానికి కూడా గట్టి ఆధారముంది. మగ ఎలుకలకు అడామ్3 అనే ప్రొటీన్ లేకపోతే సంతానం దాదాపు కలగదు. మనుషుల్లో ఆ జన్యువు పనిచేయని శిథిలంగా మిగిలిపోయింది. అది లేకుండానే మన తాతముత్తాతలందరూ పిల్లల్ని కన్నారు. రేపు మీరు ఫోన్‌లో ఎలుకల్లో అడామ్3 తగ్గిందన్న వార్త చూస్తే, అది మీకు వర్తించదు.

మనుషుల దగ్గరికి ఈ పరిశోధనలు రానే లేదా అంటే, వస్తున్నాయి. అందులో మన హైదరాబాద్ పాత్ర చిన్నది కాదు. హబ్సిగూడలోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో కుమారసామి తంగరాజ్ బృందం చాలా ఏళ్లుగా భారతీయ పురుషుల సంతానలేమికి జన్యు కారణాలను వెతుకుతోంది. కారణం తెలియని 47 మంది జన్యువులను చదివి, అక్కడ కనిపించిన మార్పులను దేశంలోని వేర్వేరు ప్రాంతాలకు చెందిన సుమారు 1500 మందిలో సరిచూసి, 2022లో ఎనిమిది జన్యువుల పేర్లు ప్రకటించారు. వాటిలో సెట్న్1 ఒకటి. ఈ జన్యువు లేని మగ ఎలుకలకు సంతానం కలగదని అంతకుముందే, 2013లో తేలింది. ఎలుకలో దొరికిన ఆనవాలు, హైదరాబాద్‌లో మనుషుల్లో దొరికిన ఆనవాలు ఒకే చోట కలిశాయి. ఒక ప్రొటీన్‌ను అనుమానించడానికి నాకు కావలసింది ఇలాంటి సాక్ష్యం.

మీ ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పాలంటే, మీరు వెళ్లి చేయించుకోగలిగిన వృషణ ప్రొటీన్ల పరీక్ష ప్రస్తుతం మామూలు వైద్యంలో లేదు. ఎలుకను చంపి వృషణం తీసి చేసే పరీక్షను మనిషికి చేయలేం కదా. వీర్యద్రవంలోని ప్రొటీన్లను చూసే ప్రయత్నాలు మాత్రం మంచి దారిలో ఉన్నాయి. టొరంటో పరిశోధకులు 2013లో టెక్స్101, ఈసీఎం1 అనే రెండు ప్రొటీన్లను చూసి, వీర్యంలో ఒక్క కణం కూడా లేనివాళ్లలో దారి మూసుకుపోయిందా లేక తయారీయే ఆగిందా అన్నది సూది గుచ్చకుండా చెప్పొచ్చని చూపించారు. టెక్స్101 వృషణంలో తయారవుతుంది, ఈసీఎం1 ఎపిడిడిమిస్ నుంచి వస్తుంది కాబట్టి ఏది లేదో చూస్తే అడ్డు ఎక్కడుందో తెలుస్తుంది. అది కౌంట్ సున్నా ఉన్నవాళ్ల కోసం. మీకు 11 మిలియన్లు ఉన్నాయి. అలాగే క్రోమోజోముల పరీక్ష, వై క్రోమోజోములో ముక్క తెగిందా అన్న పరీక్ష కూడా కౌంట్ 5 మిలియన్ల కంటే కిందికి పోయినప్పుడే ఆలోచిస్తాం. ప్రొటీన్ ప్యానెల్ అనో జీన్ ప్యాకేజీ అనో ఎవరైనా మీ దగ్గర వేలకు వేలు అడిగితే ఆ డబ్బు దాచుకోండి. ముందు ముందు నిజంగా అవసరం పడొచ్చు.

పౌడర్ గురించి. మీరు తాగిన ప్రొటీన్ కడుపులో, చిన్నపేగులో అమైనో ఆమ్లాలుగా విడిపోతుంది. గుడ్డు తిన్నా, కందిపప్పు తిన్నా, డబ్బాలోది తాగినా చివరికి రక్తంలోకి వెళ్లేవి ఆ ముక్కలే. వాటితో ఏ కణం ఏ ప్రొటీన్ కట్టుకోవాలో నిర్ణయించేది ఆ కణంలోని జన్యువులు. ఎక్కువ తాగినంత మాత్రాన వృషణంలో ప్రొటమిన్ పెరగదు, ఇజుమో పెరగదు. పప్పు, గుడ్లు, పాలు, పెరుగు, వారానికోసారి చేపో చికెనో తింటున్న మనిషికి పౌడర్ అవసరమే లేదు. ఇంకో భయం కూడా ఉంది. కండల కోసం అమ్మే కొన్ని సప్లిమెంట్లలో లేబుల్ మీద రాయని స్టెరాయిడ్లు కలిపి దొరికిన సందర్భాలు చాలా దేశాల్లో ఉన్నాయి. ఇంజెక్షన్ వద్దని, అదే మందు డబ్బాలోంచి తాగకూడదు. డబ్బా పక్కన పెట్టండి.

మెడికల్ షాపులో కౌంట్ పెరగడానికంటూ ఇచ్చే జింక్, ఫోలిక్ యాసిడ్ మాత్రల సంగతీ ఇంచుమించు ఇంతే. అమెరికాలో 2,370 జంటల మీద దీన్ని పరీక్షించి 2020లో ఫలితాలు ఇచ్చారు. మాత్రలు వేసుకున్నవాళ్లకు, ఉత్తుత్తి మాత్రలు వేసుకున్నవాళ్లకు పిల్లలు పుట్టడంలో తేడా ఏమీ రాలేదు.

మీ విషయంలో నాకు నిజంగా పట్టించుకోవాల్సిందిగా అనిపించేది ఓవెన్. వృషణాలు శరీరం బయట సంచిలో ఉండడానికి కారణం, వాటికి శరీరంకంటే రెండు నుంచి నాలుగు డిగ్రీలు తక్కువ వేడి కావాలి. మగ ఎలుక నడుము కింది భాగాన్ని 43 డిగ్రీల నీళ్లలో ఇరవై నిమిషాలో అరగంటో ఉంచితే చాలు, ఎదుగుతున్న వీర్యకణాలు పెద్ద సంఖ్యలో చనిపోతాయి. ఎలుకల వృషణాల్లో ప్రొటీన్ల మార్పులు చూసిన పరిశోధనల్లో ఇలా వేడి పెట్టి చేసినవి చాలా ఉన్నాయి. కణాలను ఇబ్బందుల నుంచి కాపాడే ప్రొటీన్ల కుటుంబంలో హెచ్‌ఎస్‌పీఏ2 అనేది వృషణానికి ప్రత్యేకం. అది లేని మగ ఎలుకల్లో వీర్యకణాల తయారీ మధ్యలోనే ఆగిపోతుందని, ఆడ ఎలుకలకు మాత్రం ఏమీ కాదని 1996లోనే తేలింది. మనుషుల్లో చూస్తే, ఇటలీలో సిరామిక్ కొలుముల దగ్గర పనిచేసేవాళ్లను 1992లో పరిశీలించినప్పుడు, పిల్లలు ఆలస్యంగా కలిగారని చెప్పినవాళ్లు వాళ్లలో ఎక్కువగా కనిపించారు. మంచి విషయం ఏమిటంటే, వేడి వల్ల పడిపోయిన తయారీ, వేడి తగ్గితే సాధారణంగా కోలుకుంటుంది.

పని మానేయమని నేను చెప్పను. మీ ఇల్లు దాని మీదే నడుస్తోంది. కానీ యజమానితో ఒకసారి మాట్లాడండి. కొన్ని నెలలు ఓవెన్ ముందు గంటలు తగ్గించి, పిండి కలిపే పనో, ప్యాకింగో, కౌంటరో అడగండి. కారణం మొత్తం చెప్పక్కర్లేదు, డాక్టర్ వేడికి దూరంగా ఉండమన్నారంటే చాలు. ఓవెన్ దగ్గరే ఉండక తప్పకపోతే గంటకోసారి బయటికి వచ్చి గాలి తగలనివ్వండి, నీళ్లు బాగా తాగండి, బిగుతు జీన్స్ బదులు వదులుగా ఉండే కాటన్ ప్యాంటు వేసుకోండి. గుట్కా, ఖైనీ, సిగరెట్ ఏదున్నా మానేయండి. మందు అలవాటు ఉంటే అదీ ఆపండి.

రెండో పరీక్షకు వెళ్లేటప్పుడు కాగితం తీసుకుని వచ్చేయకుండా యూరాలజిస్ట్‌కో, మగవాళ్ల సంతాన సమస్యలు చూసే ఆండ్రాలజిస్ట్‌కో చూపించుకోండి. నిలబెట్టి చేత్తో పరీక్ష చేయించుకోవడానికి సిగ్గుపడొద్దు. వృషణాల దగ్గర సిరలు ఉబ్బడాన్ని వేరికోసిల్ అంటారు. మామూలు మగవాళ్లలో సుమారు 15 శాతం మందికి, సంతానం ఆలస్యమైన మగవాళ్లలో మూడో వంతుకు పైగా అది ఉంటుంది. అక్కడ రక్తం నిలిచి వేడి పెరుగుతుంది. ఓవెన్ దగ్గర పనిచేసేవాళ్లకు అది కూడా ఉంటే రెండు దెబ్బలూ కలుస్తాయి. చేతికి తెలిసేంత పెద్దదిగా ఉండి, రిపోర్ట్ కూడా తక్కువగా ఉంటే చిన్న ఆపరేషన్ వల్ల చాలామందికి అంకెలు మెరుగవుతాయి. ఎలుకల ప్రొటీన్ల గురించి రాత్రంతా వెతికే బదులు ఈ పది నిమిషాల పరీక్ష చేయించుకుంటే మీకు ఎంతో మేలు.

రెండో రిపోర్ట్ బాగుంటే, మీ ఆవిడ వయసును బట్టి కొన్ని నెలలు సహజంగా ప్రయత్నించవచ్చు. ఆమెకు 35 దాటితే మాత్రం ఆలస్యం చేయకండి. అంకెలు అలాగే ఉంటే, వీర్యకణాలను నేరుగా గర్భాశయంలోకి పంపే ఐయూఐ, ఆ తర్వాత అండాన్ని, వీర్యకణాలను ల్యాబ్‌లో కలిపే ఐవీఎఫ్, ఇందాక చెప్పిన ఇక్సీ ఉన్నాయి. ఏ సెంటర్‌కు వెళ్లినా, ఇలాంటి సంతాన చికిత్స కేంద్రాల కోసం వచ్చిన 2021 చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి, ఆ సర్టిఫికెట్ చూపించడం వాళ్ల బాధ్యత. ప్రైవేటులో ఖర్చు భరించలేమనుకుంటే హైదరాబాద్ గాంధీ ఆసుపత్రిలో 2023లో ప్రభుత్వ ఐవీఎఫ్ కేంద్రం ప్రారంభమైంది, అక్కడ కనుక్కోండి.

మీ అమ్మగారి విషయం. మూడేళ్లు మీ ఆవిడ ట్యూబులకు రంగు ఎక్కించే పరీక్షలు, స్కానింగులు, హార్మోన్ మందులు భరించింది. మీకు చేసిన పరీక్ష కొన్ని వందల రూపాయలది, నొప్పి లేనిది, అన్నిటికంటే ముందు చేయాల్సింది. అది ఎవరూ చెప్పకపోవడం మన వైద్యంలో ఉన్న పెద్ద లోపం. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవాళ్ల వైపు కూడా కారణం ఉంటుంది. ఇది మీ ఒక్క ఇంటి సంగతి కూడా కాదు. జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ప్రతి ఆరుగురిలో ఒకరికి ఈ సమస్య ఎదురవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది.

రెండో రిపోర్ట్ వచ్చేదాకా ఆగకండి. ఈ వారమే అమ్మతో మీరే కూర్చుని మాట్లాడండి. ఆ పని మీ ఆవిడ మీద వేయొద్దు. "అమ్మా, కోడలికి అన్నీ బాగున్నాయని డాక్టర్లు మూడేళ్లుగా చెబుతున్నారు. నాకు పరీక్ష చేస్తే నా కౌంట్ తక్కువ వచ్చింది. జ్వరం వల్ల కావచ్చు, పని వల్ల కావచ్చు, చూపించుకుంటున్నా. ఇకమీదట ఈ విషయంలో ఆమెను ఏమీ అనొద్దు" అని చెప్పండి. అమ్మ బాధపడతారు, ఒకటి రెండు రోజులు మాట్లాడకపోవచ్చు. చుట్టాల్లో ఎవరైనా అడిగినా ఇదే చెప్పండి, లేదా చూపించుకుంటున్నామని మాత్రం చెప్పి ఊరుకోండి. తప్పు తనదేనన్న మాట ఇన్నాళ్లు విన్న మనిషి పక్కన ఇప్పుడు మీరు నిలబడాలి.

డాక్టర్ దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్లండి. మీ ఆవిడ పాత రిపోర్టులన్నీ తేదీల వరుసలో ఒక ఫైల్‌లో పెట్టి తీసుకెళ్లండి, చేసిన పరీక్షే మళ్లీ చేయించాల్సిన పని ఉండదు. మీ డెంగీ డిశ్చార్జ్ కాగితం కూడా అందులో పెట్టండి.